ట్రైలర్‌లోని గ్యాస్ ఫ్రిజ్ చల్లబడకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రావెల్ ట్రైలర్‌లో ప్రొపేన్‌తో నడిచే ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. చల్లదనాన్ని పుట్టించే వ్యవస్థలో తిరిగే భాగం ఒక్కటీ లేదు. అందుకే అది మొరాయిస్తే చెవికి శబ్దం అందదు, కంటికి కదలిక కనిపించదు. మరుసటి రోజు పాలు విరిగాకే సంగతి తెలుస్తుంది. అయితే దాని అవసరాలు మూడే: బాయిలర్‌కు సరిపడా వేడి, ట్రైలర్ మట్టంగా నిలబడటం, వెనుక భాగంలో గాలి ఆడటం. కింది ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరకే వస్తాయి. చల్లదనాన్ని పుట్టించే వెనుక గొట్టాల వ్యవస్థే చెడిపోవడం కూడా ఉంటుంది కానీ, జనం అనుకున్నంత తరచుగా కాదు.

మంట పెడితే చల్లదనం ఎలా వస్తుంది?

ఫ్రిజ్ వెనుక కనిపించే నల్లని గొట్టాల్లో నీరు, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. గొట్టాలు లోపలినుంచి తుప్పు పట్టకుండా కొంత సోడియం క్రోమేట్ కూడా కలుపుతారు. కర్మాగారంలో ఒకసారి నింపి అతికేశాక మళ్లీ తెరిచే పని ఉండదు.

అడుగున ఉండే బాయిలర్‌ను వేడి చేస్తే నీటిలో కరిగి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైనున్న కండెన్సర్ రెక్కల దగ్గర తన వేడిని గాలికి వదిలేసి ద్రవంగా మారుతుంది. అక్కడినుంచి ఫ్రీజర్ వెనుక గొట్టంలోకి జారి, హైడ్రోజన్‌తో కలవగానే మళ్లీ ఆవిరవడం మొదలుపెడుతుంది. అలా ఆవిరవడానికి కావలసిన వేడిని పెట్టె లోపలినుంచి లాక్కుంటుంది. మనకు తెలిసే చల్లదనం అదే. ఆ తరువాత కిందనున్న అబ్జార్బర్ గొట్టాల్లో నీరు ఆ అమ్మోనియాను తిరిగి తనలో కలుపుకొని బాయిలర్‌కు చేరుస్తుంది. ఈ ప్రయాణమంతా వేడితోనూ గురుత్వాకర్షణతోనూ సాగేదే. నెట్టడానికి పంపు లేదు.

ఈ పద్ధతిని 1922లో స్టాక్‌హోంలో చదువుకుంటున్న బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించారు. ఎలక్ట్రోలక్స్ దాన్ని 1925లో అమ్మకానికి తెచ్చింది. ఆల్బర్ట్ ఐన్‌స్టైన్, లియో సిలార్డ్ కూడా కదిలే భాగాలు లేని మరో రకం ఫ్రిజ్‌ను రూపొందించి 1930లో అమెరికా పేటెంటు పొందారు. వారిద్దరి ఫ్రిజ్ ఇళ్లకు చేరలేదు, విద్యార్థుల ఫ్రిజ్ మాత్రం ఇప్పటికీ ట్రైలర్లలో తిరుగుతోంది.

ఫ్రిజ్ చల్లబడటం లేదు. పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి?

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే వేడినిచ్చే మార్గాన్ని మార్చి చూడండి. ఈ ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగం కనీసం రెండు విధాలుగా నడుస్తాయి: గ్యాస్ మంట, ఇంటి కరెంటు. కొన్నింటికి 12 వోల్టుల బ్యాటరీ మార్గం కూడా ఉంటుంది. వేడి ఎటునుంచి వచ్చినా చేరేది ఒకే బాయిలర్‌కు. కాబట్టి ఒక మార్గంలో పనిచేసి రెండో మార్గంలో పనిచేయకపోతే గొట్టాల వ్యవస్థ బాగానే ఉన్నట్టు.

ట్రైలర్‌ను మట్టంగా నిలిపి, ఫ్రిజ్‌ను ఖాళీ చేసి, మధ్య అరలో ఒక గ్లాసు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ ఉంచండి. కరెంటు మార్గం పెట్టి, తలుపు తెరవకుండా పన్నెండు గంటలు వదిలేయండి. నీళ్లు 5 డిగ్రీల సెల్సియస్‌కు గానీ అంతకంటే తక్కువకు గానీ వచ్చాయా, ఫ్రిజ్ బాగుంది. ఇక వెతకాల్సింది గ్యాస్ వైపు: సిలిండర్, రెగ్యులేటర్, జెట్ (గ్యాస్‌ను బర్నర్‌లోకి వదిలే సన్నని రంధ్రమున్న భాగం), బర్నర్, పొగగొట్టం. గ్యాస్‌తో చల్లబడి కరెంటుతో చల్లబడకపోతే హీటర్‌ను గానీ దానికి వచ్చే కరెంటును గానీ అనుమానించాలి. రెండింటితోనూ చల్లబడకపోతే మట్టం, గాలి, తలుపు రబ్బరు ముందు చూసి, అవన్నీ సరిగ్గా ఉంటేనే గొట్టాల వ్యవస్థ వైపు వెళ్లాలి.

ఈ పరీక్ష ఒక రాత్రిని మింగేస్తుంది, నిజమే. కానీ దీన్ని దాటవేసి ముందే ఫ్రిజ్‌ను నడిపించే సర్క్యూట్ బోర్డు కొని బిగించి, ఫలితం లేక తల పట్టుకునేవారే ఎక్కువ.

స్విచ్ వేసి రెండు గంటలైంది. ఫ్రీజర్ గోడ కూడా చల్లగా లేదు. పాడైనట్టేనా?

కాదు. ఈ రకం ఫ్రిజ్ తీరిగ్గా పనిచేస్తుంది. చలి తగలడానికే కొన్ని గంటలు పడుతుంది, పూర్తిగా చల్లబడటానికి ఒక రాత్రి కావాలి. అందుకే బయలుదేరడానికి ముందు రోజే వేసి, ఇంట్లో ముందే చల్లబరచిన పదార్థాలనే అందులో పెట్టాలి. వెచ్చని నీటి సీసాలు డజను పెట్టి తెల్లారేసరికి చల్లబడాలంటే అది దాని శక్తికి మించిన పని.

ట్రైలర్ కొంచెం ఒరిగి ఉంటే అంత నష్టమా?

నష్టమే. పైగా ఆ నష్టం తిరిగి సరిచేసుకోలేనిది కావచ్చు. ద్రవం తనంతట తాను కిందికి జారుతూ బాయిలర్‌కు చేరాలి. ట్రైలర్ ఒరిగితే అది గొట్టం వంపుల్లో ఎక్కడో నిలిచిపోతుంది. మంట మాత్రం ఆగదు. ద్రవం అందని బాయిలర్ అతిగా కాలిపోతుంది, సోడియం క్రోమేట్ విడిపోయి గట్టిపడి సన్నని గొట్టాలను మూసేస్తుంది. ఒకసారి అలా మూసుకుపోతే ట్రైలర్‌ను మళ్లీ మట్టం చేసినా ఆ గడ్డ కరగదు. ఒక్కోసారి ఒరిగి నడిచినంత మాత్రాన ఫ్రిజ్ చచ్చిపోదు గానీ, ఆ గడ్డ కొద్దికొద్దిగా పేరుకుంటూ పోతుంది.

చాలా తయారీ సంస్థలు చెప్పే హద్దు ఫ్రిజ్ పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనుకలకు 6 డిగ్రీలు. మీ ఫ్రిజ్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చిన్న రసమట్టం తీసుకొని ఫ్రీజర్ అడుగు పలక మీద పెట్టి చూడటం ఉత్తమం. ట్రైలర్ నేల మీద పెట్టి చూస్తే చాలదు, ఫ్రిజ్‌ను బిగించేటప్పుడే వాలుగా బిగించి ఉండవచ్చు. పడుకున్నప్పుడు ఏటవాలుగా అనిపించకుండా ఉంటే ఫ్రిజ్‌కు కూడా సరిపోతుందనేది మోటుగా పనికొచ్చే కొలత.

మరి ప్రయాణంలో ట్రైలర్ ఊగిపోతుంది కదా?

ఊగడం వల్ల ద్రవం ఒకచోట నిలవదు, ఇటూ అటూ కదులుతూ దారి వెతుక్కుంటుంది. ఇబ్బందల్లా వాలులో ఆగిపోవడమే. కొండదారిలో ఫ్రిజ్ వేసి ఉంచి గంటల తరబడి వాలులో నిలిపితే కదిలే ప్రయాణం కంటే ఎక్కువ హాని చేసినట్టు. అలా ఆగవలసి వస్తే ఫ్రిజ్ ఆపేయండి. తలుపు తెరవకపోతే లోపలి చలి కొన్ని గంటలు నిలుస్తుంది.

గ్యాస్ పెడితే టిక్ టిక్ మంటుంది, మంట మాత్రం అంటుకోదు. ఎందుకు?

టిక్ టిక్ అంటే నిప్పురవ్వ పడుతోందన్నమాట. చాలా వరకు కొరత గ్యాస్‌దే అయి ఉంటుంది. ముందు వంట పొయ్యి వెలిగించండి. పొయ్యి మంట నిలకడగా ఉంటే సిలిండర్‌లో గ్యాస్ ఉంది, రెగ్యులేటర్ పనిచేస్తోంది, గొట్టంలో ఉన్న గాలి కూడా బయటికి పోయింది. కొత్త సిలిండర్ పెట్టిన తరువాత ఫ్రిజ్ వెలగకపోవడానికి గొట్టంలో చేరిన గాలే తరచూ కారణం. ఫ్రిజ్ బర్నర్ చాలా చిన్నది. ఆ గాలంతా దాని జెట్ గుండా పోవాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోగా బోర్డు ప్రయత్నం మానుకుంటుంది. పొయ్యి వెలిగించి ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఆ గాలి త్వరగా పోతుంది.

పొయ్యి మంట కూడా బలహీనంగా ఉంటే సిలిండర్ వాల్వ్‌ను మూసేసి, కాసేపు ఆగి, మెల్లగా తెరవండి. గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నితే ఆపేసే రక్షణ కవాటం కొన్ని కనెక్టర్లలో ఉంటుంది. వాల్వ్‌ను గబుక్కున తిప్పితే గొట్టం తెగిందనుకొని అది దారి మూసేస్తుంది.

పొయ్యి బాగుండి ఫ్రిజ్ వెలగకపోతే ఫ్రిజ్ వెనుకనున్న గ్యాస్ వాల్వ్ గానీ జెట్ గానీ మూసుకుపోయి ఉండాలి. నిప్పురవ్వ దూరం కూడా ఒకసారి చూడండి. రవ్వను పుట్టించే ఎలక్ట్రోడు మొనకూ బర్నర్‌కూ మధ్య సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అంతకంటే ఎక్కువైతే రవ్వ పుట్టదు, పుట్టినా బర్నర్ అంచును వదిలి వేరే లోహం మీదికి దూకుతుంది.

టిక్ టిక్ కూడా లేదు. హెచ్చరిక దీపం వెలుగుతోంది.

ఎలక్ట్రానిక్ బోర్డున్న ఫ్రిజ్‌లకు గ్యాస్ మీద నడిచేటప్పుడు కూడా 12 వోల్టుల కరెంటు కావాలి. గ్యాస్ వాల్వ్‌ను తెరిచేదీ రవ్వను పుట్టించేదీ ఆ కరెంటే. గ్యాస్ ఫ్రిజ్‌కు బ్యాటరీ అక్కర్లేదనుకునేవారు ఇక్కడే పొరబడతారు. వోల్టేజీ సుమారు 10.5 కంటే తక్కువకు పడిపోతే చాలా బోర్డులు పని ఆపేస్తాయి. కొలవాల్సింది బ్యాటరీ దగ్గర కాదు, బోర్డు దగ్గర, అది కూడా ఫ్రిజ్ వేసి ఉన్నప్పుడు. బ్యాటరీ దగ్గర 12.6 ఉండి బోర్డు దగ్గర 10 ఉంటే మధ్యలో ఏదో తీగ వదులైందని, లేదా తుప్పు పట్టిందని అర్థం. నెగెటివ్ తీగను బిగించిన స్క్రూ చూడటం చాలామంది మరిచిపోతారు.

హెచ్చరిక దీపం వెలిగిందంటే, బోర్డు తనకిచ్చిన గడువులో మంట పుట్టలేదని తెలుసుకొని గ్యాస్‌ను ఆపేసిందన్నమాట. గడువు మోడల్‌ను బట్టి సాధారణంగా అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ఉంటుంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే ఇంకో ప్రయత్నం చేస్తుంది. కారణం వెతక్కుండా పదే పదే అలా చేయవద్దు.

మంట అంటుకుంటుంది, నాబ్ వదలగానే ఆరిపోతుంది. ఏమిటిది?

నాబ్ నొక్కిపట్టి వెలిగించే పాత పద్ధతి ఫ్రిజ్‌లలో ఇది ముఖ్యమైన సమస్య. అందులో థర్మోకపుల్ అనే సన్నని రాగి తీగ లాంటి భాగం ఉంటుంది. దాని మొన మంటలో వేడెక్కితే సుమారు 25 నుంచి 30 మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టి, చిన్న అయస్కాంతాన్ని పట్టుకొని వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే మొన చల్లబడి వాల్వ్ మూసుకుంటుంది. చక్కని రక్షణ, ఇందులో బ్యాటరీ ప్రమేయమే లేదు.

నాబ్ అర నిమిషం పట్టుకొని చూడండి. అయినా ఆరిపోతే మొన మంటలో సరిగా మునుగుతోందో లేదో, దాని మీద మసి ఉందో లేదో చూడాలి. మసి ఉంటే తుడవండి. రెండో చివరనున్న నట్టు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు మలుపు చాలు. అంతకు మించి బలవంతం చేస్తే లోపలి కొస పాడవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆరిపోతుంటే థర్మోకపుల్ మార్చేయండి, ధర తక్కువ, బాగుచేయించుకోవడం వృథా. కొత్తది వేసినా ఆరిపోతే తప్పు అయస్కాంత వాల్వ్‌ది.

ఎలక్ట్రానిక్ ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగం మంటను ఎలక్ట్రోడు ద్వారానే గుర్తిస్తాయి. వాటిలో మంట వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోతే ఎలక్ట్రోడు మొన మురికి, పగిలిన పింగాణీ, సరిగా లేని నెగెటివ్ కలయిక, ఈ మూడింటిని వరుసగా చూడాలి.

మంట నీలంగా కాక పసుపుగా ఉంది. శుభ్రం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఈ పని ఎక్కువమంది వాయిదా వేస్తారు. కానీ గ్యాస్ మీద మందగించిన ఫ్రిజ్‌లు చాలా వరకు కేవలం ఈ శుభ్రంతోనే కోలుకుంటాయి. మంట పసుపుగా ఉందంటే గ్యాస్‌కు సరిపడా గాలి కలవడం లేదన్నమాట. ఫలితంగా వేడి తగ్గుతుంది, మసి పేరుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది.

గాలి దారిని మూసేది ముఖ్యంగా సాలెగూడు. ప్రొపేన్‌లో కలిపే వాసన పదార్థం సాలీళ్లను ఆకర్షిస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజమో కాదో పక్కన పెడితే, బర్నర్ గొట్టంలో గూడు కట్టడం మాత్రం వాటికి అలవాటే. కందిరీగలు మట్టితో కట్టే గూళ్లు మరీ మొండివి. పైన పొగగొట్టంలోంచి రాలిన తుప్పు పెచ్చులు కూడా బర్నర్ మీద పడుతుంటాయి.

గ్యాస్ ఆపి, 12 వోల్టుల కరెంటు, ఇంటి కరెంటు రెండూ తీసేసి, అన్నీ చల్లబడ్డాక వెనుక తలుపు తెరవండి. బర్నర్ పైనున్న రేకు తీసి, గ్యాస్ గొట్టం కలిసే చోట రెండు స్పానర్లతో పట్టి విప్పండి. ఒకటి కదలకుండా పట్టుకుంటుంది, రెండోది తిప్పుతుంది. ఒక్క స్పానర్‌తో తిప్పితే అల్యూమినియం గొట్టం మెలితిరిగి చీలిపోతుంది. బర్నర్‌ను చిన్న బ్రష్‌తో తోమి, దాని గాలి రంధ్రాల్లో గాలి ఊదండి.

జెట్ దగ్గర మాత్రం చేయి అదుపులో ఉంచుకోవాలి. దాని రంధ్రం కంటికి కనిపించీ కనిపించనంత సన్నగా ఉంటుంది, కొన్నింటిలో ఆ రంధ్రం కెంపు లాంటి రాయిలో ఉంటుంది. పిన్నుతోనో తీగతోనో పొడిస్తే రంధ్రం పెద్దదై మంట శాశ్వతంగా చెడిపోతుంది. ఆల్కహాల్‌లో కొద్దిసేపు నానబెట్టి, తీసి ఆరబెట్టండి. అంతకంటే ఏమీ చేయవద్దు. అయినా మూసుకుపోయి ఉంటే కొత్తది వేయడమే.

పొగగొట్టంలో మెలితిరిగిన సన్నని రేకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. వేడి వాయువులు గబగబా పైకి పోకుండా గొట్టం గోడకు తగులుతూ పోయేలా చేయడం దాని పని. తీసేముందు ఎంత ఎత్తులో వేలాడుతోందో గుర్తు పెట్టుకొని మళ్లీ అక్కడే కట్టండి. దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోతే బాయిలర్‌కు వేడి తగ్గుతుంది. గొట్టాన్ని పైనుంచి బ్రష్‌తో తోమి, కింద పడే మసి కోసం ముందే గుడ్డ పరచుకోండి.

అన్నీ బిగించాక ప్రతి జాయింటు మీద సబ్బు నురగ పూయండి. బుడగలు వచ్చిన చోట గ్యాస్ కారుతోంది. అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించవద్దు. ప్రొపేన్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కారితే నేల మీదే పరుచుకొని ఉండిపోతుంది.

శుభ్రంగా ఉంది, మంట నీలంగానే ఉంది. అయినా గ్యాస్ మీద మాత్రమే చల్లదనం తక్కువ.

గ్యాస్ ఒత్తిడి తక్కువగా ఉండాలి. ఉత్తర అమెరికా ట్రైలర్లలో రెగ్యులేటర్ ఇవ్వాల్సింది 11 అంగుళాల నీటి మట్టానికి సమానమైన ఒత్తిడి, అంటే దాదాపు 27 మిల్లీబార్లు. ఐరోపా కొత్త ట్రైలర్లలో 30 మిల్లీబార్లు. కొలిచేటప్పుడు ఇంకో పరికరం, అంటే పొయ్యి గానీ హీటర్ గానీ వెలుగుతూ ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు నిండుగా కనిపించి, వాడకం మొదలవగానే కుంగిపోయే రెగ్యులేటర్లు ఉంటాయి. ఒత్తిడిని కొలిచే మానోమీటర్ లేనివారు గ్యాస్ మెకానిక్‌తో కొలిపించడం మంచిది. రెగ్యులేటర్ స్క్రూను గుడ్డిగా తిప్పడం అన్ని పరికరాలకూ ప్రమాదం.

గ్యాస్‌తో బాగుంది, కరెంటుతో లేదు.

హీటర్ పరీక్ష తేలిక. కరెంటు తీసేసి, దాని తీగలు విప్పి, మల్టీమీటర్‌తో నిరోధకత చూడండి. 120 వోల్టుల 300 వాట్ల హీటర్ అయితే సుమారు 48 ఓమ్‌లు రావాలి. వేరేదైతే వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించండి. అనంతం చూపిస్తే హీటర్ కాలిపోయింది. సరిగా ఉంటే ఫ్యూజు, బోర్డు మీది రిలే, ప్లగ్గు వరుసగా చూడాలి.

12 వోల్టుల మీద నడిపితే బ్యాటరీ ఇట్టే ఖాళీ అవుతోంది.

అవుతుంది మరి. 150 వాట్ల హీటర్ అయినా పన్నెండు ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ మార్గం లాగే వాహనం ఇంజిన్ నడుస్తున్నప్పుడు వాడటానికే. ఆగగానే గ్యాస్‌కో కరెంటుకో మార్చేయాలి. సన్నని తీగల్లో వోల్టేజీ పడిపోయి చల్లదనం అంతంతమాత్రంగానే ఉంటుంది, దాన్ని ఉన్న చలిని నిలిపే సాధనంగా చూడాలే తప్ప కొత్తగా చల్లబరిచే సాధనంగా కాదు.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మాత్రమే చేతులెత్తేస్తుంది. ఎందుకు?

కండెన్సర్ తన వేడిని బయటి గాలికి వదలాలి. ఆ గాలే వేడిగా ఉంటే, అందులోనూ కదలకుండా ఉంటే, అమ్మోనియా ద్రవంగా మారదు. కింది జాలీ గుండా చల్లని గాలి లోపలికి వచ్చి, వేడెక్కి, పైనున్న జాలీ గుండా గానీ కప్పు మీది గొట్టం గుండా గానీ పోవాలి. ఇదంతా సహజంగా జరగాలంటే ఫ్రిజ్ వెనుకకూ ట్రైలర్ గోడకూ మధ్య ఖాళీ చాలా తక్కువగా ఉండాలి. సందు ఎక్కువైతే గాలి రెక్కలకు తగలకుండా దూరంగా పైకి పోతుంది. ఎక్కువ ఖాళీ ఉంటే గాలి బాగా ఆడుతుందనుకోవడం సహజమే గానీ ఇక్కడ అది తలకిందులు.

అందుకని ఆ ఖాళీలో రేకు పలకను వంచి పెట్టి గాలిని రెక్కల వైపు మళ్లిస్తారు. ఫ్రిజ్ పైకప్పు మీద కూడా గాలి చిక్కుపడే ఖాళీ లేకుండా చూడాలి. దానికి తోడు కండెన్సర్ కింద కంప్యూటర్లలో వాడే రకం చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, పైకి ఊదేలా బిగిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. బర్నర్ దగ్గర మాత్రం ఫ్యాన్ గాలి తగలకూడదు, మంట చెదురుతుంది. కప్పు మీది మూతలో పక్షిగూడు, ఎండుటాకులు ఉన్నాయేమో నిచ్చెన వేసి చూడండి. కీటకాలు రాకుండా మరీ సన్నని వల కడితే అదే గాలిని ఆపుతుంది.

ఫ్రిజ్ ఉన్న వైపును ఎండ తగలకుండా నిలపడం కూడా ఫ్యాన్లంత మేలు చేస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఫ్రీజర్ గట్టిగానే ఉంది, కింది అరలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

చలి ముందు ఫ్రీజర్‌కు చేరి, ఆ తరువాత కింది భాగానికి వస్తుంది. అందువల్ల ఏ లోపమైనా ముందుగా కిందే కనిపిస్తుంది. తలుపు రబ్బరును కాగితంతో పరీక్షించండి: కాగితం పెట్టి తలుపు మూసి లాగితే కొంత బిగువుగా రావాలి. అన్ని మూలలూ చూడండి. అరలు నిండా సర్దేసి గాలి కదలకుండా చేయడం, లోపలి రెక్కల మీద మంచు పేరుకోవడం ఇంకో రెండు కారణాలు. మంచు సుమారు 3 మిల్లీమీటర్లు దాటితే కరిగించేయాలి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకవద్దు. ఫ్రిజ్ ఆపేసి, గిన్నెలో వేడినీళ్లు పెట్టి, తలుపు తెరిచి ఉంచితే సరిపోతుంది.

లోపలి రెక్కలకు తగిలించిన చిన్న ప్లాస్టిక్ సెన్సర్ ఉంటే అది ఊడిపోలేదని చూడండి. చాలా మోడళ్లలో దాన్ని పైకి జరిపితే ఫ్రిజ్ మరింత చల్లబడుతుంది. ఇవన్నీ చూసినా మార్పు లేకపోతే గొట్టాల వ్యవస్థ నెమ్మదిగా చెడుతోందనడానికి ఇది తొలి గుర్తు కావచ్చు.

గడ్డకట్టే చలిలోనూ కొండల మీదా సరిగా పనిచేయదంటారు, నిజమేనా?

నిజమే. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది, దానికి చలి భయం లేదు. బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, కాబట్టి మిశ్రమ గ్యాస్ వాడేవారు చలికాలంలో ప్రొపేన్ తీసుకోవాలి. వెనుక గొట్టాలు మరీ చల్లబడినా ప్రసరణ మందగిస్తుంది. దానికి కొన్ని సంస్థలు కింది జాలీకి తొడిగే చలికాలపు మూతలు అమ్ముతాయి. చలి తగ్గగానే వాటిని తీసేయాలి. ఎత్తు సుమారు 1,700 మీటర్లు దాటితే గాలి పలచబడి మంట ఆరిపోతుంటుంది. అక్కడ కరెంటు ఉంటే దానికి మారడమే మేలు.

ఫ్రిజ్‌లోంచి ఘాటైన అమ్మోనియా వాసన వస్తోంది. వెనుక పసుపు పొడి కనిపిస్తోంది.

వెంటనే గ్యాస్, కరెంటు ఆపి, కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. గొట్టం చీలింది. అందులో అమ్మోనియాతో పాటు మండే హైడ్రోజన్ ఉంది. పసుపు పొడి సోడియం క్రోమేట్, అది విషపూరితం. చేత్తో తాకవద్దు, ఊడ్చవద్దు. ఆ ఫ్రిజ్‌ను ఇక వెలిగించవద్దు.

చీలిక లేకుండా లోపల మూసుకుపోయిన వ్యవస్థకు గుర్తు వేరు: బాయిలర్ వైపు విపరీతమైన వేడి, అబ్జార్బర్ గొట్టాలు మాత్రం చల్లగా ఉంటాయి. బాగున్న ఫ్రిజ్‌లో అవి వెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌ను తీసి తలకిందులు చేసి ఒక రోజు ఉంచితే బాగవుతుందని పాత చిట్కా ఒకటుంది. గట్టిపడిన సోడియం క్రోమేట్‌ను అది కదిలించలేదు. ఒకవేళ ఫ్రిజ్ కొన్నాళ్లు నడిచినా, దాన్ని నమ్మి దూర ప్రయాణం పెట్టుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

ఇలాంటి ఫ్రిజ్‌ల వల్ల మంటలు రేగాయని విన్నాను.

విన్నది అబద్ధం కాదు. బాయిలర్ గొట్టం పగిలే లోపం వల్ల అమెరికాలో ఫ్రిజ్ తయారీ సంస్థలైన డొమెటిక్ 2006, 2008లలో, నార్కోల్డ్ 2010లో చాలా ఫ్రిజ్‌లను వెనక్కి పిలిచి సరిచేశాయి. పాత ట్రైలర్ కొన్నవారు ఫ్రిజ్ లోపలి పలక మీద ఉన్న మోడల్, సీరియల్ సంఖ్యలతో ఆ మరమ్మతు జరిగిందో లేదో తయారీ సంస్థను అడగాలి. ఇంధనం నింపించేచోట, పడవ ఎక్కించేటప్పుడు ఫ్రిజ్ మంట ఆరి ఉండాలి. సొరంగాల్లో అక్కడి నిబంధన చూసుకోవాలి. పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ అలారం రెండూ ట్రైలర్‌లో ఉండాలి. వాటికీ గడువు తేదీ ఉంటుంది.

రోజుకు గ్యాస్ ఎంత ఖర్చవుతుంది?

చిన్న ఫ్రిజ్ రోజుకు సుమారు 300 నుంచి 400 గ్రాములు. ఆ లెక్కన 9 కిలోల సిలిండర్ ఫ్రిజ్ ఒక్కదానికే అయితే మూడు వారాలు దాటుతుంది. పెద్ద ఫ్రిజ్‌లు, ఎండ రోజులు ఎక్కువ తింటాయి.

నెలల తరబడి ట్రైలర్ ఆపి ఉంచేముందు ఏం చేయాలి?

గ్యాస్ మూసి, ఫ్రిజ్ ఖాళీ చేసి, లోపల తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తలుపు కొద్దిగా తెరుచుకొని ఉండేలా కొక్కెం పెట్టండి, లేకపోతే బూజు వాసన పట్టుకుంటుంది. మళ్లీ బయలుదేరడానికి ఒక వారం ముందు బర్నర్ చూసుకోవడం అలవాటు చేసుకుంటే, ప్రయాణం రోజున పరుగులు ఉండవు.

గొట్టాల వ్యవస్థ చెడిపోయింది. బాగుచేయించాలా, కంప్రెసర్ ఫ్రిజ్ కొనాలా?

వ్యవస్థను మాత్రమే మార్చుకోవచ్చు. పెట్టె, తలుపు, బోర్డు బాగుంటే ఆ దారి కొత్త ఫ్రిజ్ కంటే చౌక. కానీ ఫ్రిజ్‌ను బయటికి లాగి, పాత వ్యవస్థ తీసి, కొత్తదాన్ని వెనుక గోడకు సందు లేకుండా అతికించాలి. ఆ అతుకు సరిగా లేకపోతే కొత్తదీ చల్లబరచదు.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ త్వరగా చల్లబడుతుంది, ఎండను లెక్కచేయదు, కొంత వాలునూ భరిస్తుంది. బదులుగా బ్యాటరీని రోజంతా అడుగుతుంది. కరెంటు స్తంభాలున్న చోట్ల ఆగేవారికీ, కప్పు మీద సరిపడా సోలార్ పలకలు ఉన్నవారికీ నేను దాన్నే చెబుతాను. అడవిలో వారం పది రోజులు కరెంటు లేకుండా ఉండేవారికి గ్యాస్ ఫ్రిజే నయం. మార్చేవారు పాత గ్యాస్ గొట్టాన్ని అలా వదిలేయకూడదు, సరైన మూత బిగించి, దాని మీద కూడా సబ్బు నురగ పూసి చూడాలి. ఫ్రిజ్ వెనుక గోడకున్న జాలీలను కంప్రెసర్ ఫ్రిజ్ పుస్తకం చెప్పినట్టు మూయడమో ఉంచడమో చేయాలి.